మీకు తెలుసా? — పట్టా మూట, నక్షత్రం గుర్తు

మా రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డు పక్కన ఒక టీ అంగడి ఉంది. టీవీలో అమెరికా ఎన్నికల వార్తలు నడుస్తున్నాయి. అక్కడి కాంగ్రెస్‌కు పోటీ చేస్తున్న ఒకాయన తాను కన్సర్వేటివ్‌నంటున్నాడు. పన్నులు తగ్గిస్తాడట, సర్కారును జనం జోలికి రానివ్వడట. మిషను దిగి టీకి వచ్చిన కుర్రాడు నా వైపు తిరిగాడు. "సార్, కాంగ్రెస్ అంటాడు, మళ్లా కన్సర్వేటివ్ అంటాడు. ఇదేం లెక్క? మన పక్క ఇట్లాంటోళ్లు ఎప్పుడన్నా నిలబడినారా?"

అక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, మన పార్లమెంటు లాంటి చట్టసభ అని చెప్పాను. "నిలబడటమే కాదప్పా, మన సీమలోనే గెలిచినారు కూడా" అన్నాను. టీ అయిపోయింది గానీ కథ అయిపోలేదు. మిగిలింది ఇది.

◆

కన్సర్వేటివ్‌కు మన పత్రికలు వాడే మాట 'మితవాది'. ఆ మాట చేసిన ప్రయాణం తమాషాగా ఉంటుంది. స్వాతంత్ర్యోద్యమం తొలిరోజుల్లో గోఖలే మితవాది, తిలక్ అతివాది. అంటే అర్జీలు పెట్టుకుంటూ నెమ్మదిగా పని సాధిద్దామనేవాడు మితవాది అన్నమాట. దేశం స్వతంత్రమయ్యాక అదే మాట ఆస్తి హక్కు, స్వేచ్ఛా వ్యాపారం, సంప్రదాయం అనేవాళ్లకు అంటుకుంది. వాళ్లలో మితంగా మాట్లాడినవాళ్లు తక్కువే.

◆

తెలుగునాట ఆ ముద్ర పడ్డవాళ్లలో పెద్దాయన ఆచార్య ఎన్.జి. రంగా. 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదువుకొని వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. రైతు నాయకుడిగానే అందరికీ తెలుసు గానీ, ఆయన తొలి పుస్తకాల్లో ఒకటి దక్షిణాది చేనేత కార్మికుల బతుకుల మీద. 1930లో వచ్చింది. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మా ఊరివాళ్లకు ఈ సంగతి చెబితే రంగా మీద గౌరవం ఒక పిసరు పెరుగుతుంది. నేను చెప్పి చూశాను.

ఇంకో సంగతి. మితవాది అనగానే జమీందార్ల మనిషి అనుకుంటారు. రంగా రాజకీయం మొదలైందే జమీందార్ల మీద పోరాటంతో. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలబడ్డారు. సొంత ఊళ్లో రైతు కార్యకర్తల కోసం ఒక విద్యాలయం పెట్టారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు ముందు వరసలో ఉన్నారు. 1951లో కాంగ్రెస్ విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, కొన్నేళ్లకు మళ్లీ కాంగ్రెస్ గూటికే చేరారు. పార్టీలు మారాడని ఆయన్ను ఎత్తిపొడిచేవాళ్లున్నారు. రైతు మాట మాత్రం మారలేదని ఆయనవాళ్లు చెప్పేవారు. నన్నడిగితే రెండూ నిజమే.

◆

1959 జనవరి. నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఒక తీర్మానం చేసింది. రాబోయే రోజుల్లో సేద్యం సహకార ఉమ్మడి వ్యవసాయం దిశగా సాగాలి, భూమికి గరిష్ఠ పరిమితి ఉండాలి, ధాన్యం వ్యాపారం ప్రభుత్వం చేతికి రావాలి. నెహ్రూ వెనకుండి నడిపించిన తీర్మానం అది. ఉత్తరాదిలో చరణ్ సింగ్ ఎదురు తిరిగారు, ఇక్కడ రంగా. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి పదవి వదిలేసి బయటికొచ్చారు. అదే ఏడాది జూన్ 4న మద్రాసులో రాజాజీ కొత్త పార్టీని ప్రకటించారు. ఆగస్టులో బొంబాయి సభతో స్వతంత్ర పార్టీ నిలబడింది. దానికి మొదటి అధ్యక్షుడు రంగా. గుర్తు నక్షత్రం.

వాళ్ల విధానాలు ఇప్పటి కుర్రాళ్లకు కొత్తగా అనిపించవు. పర్మిట్లు, లైసెన్సులు, కోటాలు ఎత్తేయాలి. పన్నులు తగ్గాలి. ప్రణాళికా సంఘం పెత్తనం పోవాలి. చైనాతో జాగ్రత్తగా ఉండాలి. రైతు భూమి రైతుదే, పంట గిట్టుబాటు ధరకు అమ్ముడుపోవాలి. 'పర్మిట్ లైసెన్స్ రాజ్' అన్న మాట రాజాజీ వాడుకలోకి తెచ్చిందే. 1991 తర్వాత ఆ పాఠంలో సగం కాంగ్రెసే అమలు చేసింది. అప్పటికి పార్టీ లేదు, రాజాజీ లేరు. రంగా మాత్రం కాంగ్రెస్‌లో ఉన్నారు!

మనలో మాటగా ఒకటి. ఉమ్మడి సేద్యం వస్తే ఎద్దులు పోతాయి, గడ్డివాము పోతుంది అన్న భయం చాలామటుకు గాలికి పెరిగిన మంటే. నాగపూర్ తీర్మానంలోని ఉమ్మడి సేద్యం కాగితం దాటి చేనుగట్టు మీదికి రానేలేదు. మన పల్లెల్లో ఎవరి గుంటకా ఉమ్మడి కాలేదు. కానీ ఎన్నికల్లో జరిగినదాని కన్నా జరుగుతుందేమో అన్నదానికే ఓట్లు ఎక్కువ రాలతాయి. ఆ సూత్రం రంగాకు మొదట్నుంచీ తెలుసు.

◆

స్వతంత్ర పార్టీకి 21 మూల సూత్రాలు. అందులో ఒకటి చదివితే ఇప్పటి విప్‌లు జారీ చేసే నాయకులకు కళ్లు తిరుగుతాయి. మూల సూత్రాల్లో లేని ఏ విషయం మీదైనా సభ్యుడు తనకు తోచినట్టు మాట్లాడొచ్చు, ఓటేయొచ్చు.

అది ఎందుకు అవసరమైందో చూడండి. పార్టీని పుట్టించిన రాజాజీ మద్యనిషేధానికి మారుపేరు. 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన ఘనత ఆయనదే. ఆంధ్రలో ఆ పార్టీకి పెద్ద దిక్కు గౌతు లచ్చన్న. గీత కార్మికుల పక్షాన మద్యనిషేధాన్ని ఎదిరించి, 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వాన్ని పడగొట్టినవాళ్లలో ముఖ్యుడు. కల్లు పోయమనేవాడు, పోయొద్దనేవాడు ఒకే నక్షత్రం కింద కూర్చున్నారు. రంగా పరిస్థితీ అంతే. జమీందార్లను ఎదిరించిన ఆ చేతితోనే రాజులకు, రాణులకు టికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. 1962లో జయపూర్ మహారాణి గాయత్రీదేవి ఆ పార్టీ తరఫున నిలబడితే, పోలైన 2,46,516 ఓట్లలో 1,92,909 ఆమెకే పడ్డాయి. ఆ మెజారిటీ గిన్నిస్ పుస్తకానికెక్కింది.

పార్టీ అధ్యక్షుడు రంగా మాత్రం ఆ ఎన్నికల్లో ఓడిపోయారు.

◆

మరి లోక్‌సభకు ఎలా వెళ్లారు? మన సీమ పంపింది. చిత్తూరు నుంచి గెలిచిన మాజీ స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్‌ను 1962 మేలో బీహార్ గవర్నర్‌గా వేశారు. సీటు ఖాళీ అయింది. ఉపఎన్నికలో గుంటూరు డెల్టా మనిషి రంగా చిత్తూరు జిల్లా మెట్ట పొలాల మధ్య నిలబడి గెలిచారు. 1967లో శ్రీకాకుళం వెళ్లి గెలిచారు. ఆ ఏడాది స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు, కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ అదే. 1971లో 8కి పడిపోయింది. 1974లో చరణ్ సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. 15 ఏళ్లు బతికిన పార్టీ.

◆

ఇక అసలు సంగతి. రంగా పార్లమెంటులో అందరికన్నా ఎక్కువ గొంతు చించుకున్న విషయానికి పునాది పడింది మన దగ్గరే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అనంతపురమే మకాం. ఊరూరా కొలతలు వేయించి, మధ్యలో జమీందారు లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క కుదిర్చే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాతుకునేలా చేశాడు. శిస్తు పావు వంతు తగ్గించాలని వెళ్తూ వెళ్తూ రాసిపోతే పైవాళ్లు వినలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చి తన సిఫారసును తానే అమలు చేసుకున్నాడు. అందుకే సీమలో పిల్లలకు 'మండ్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారు. దొరల మీద కోపం ఎంతున్నా పట్టా ఇచ్చినవాడి మీద మన రైతుకు మమకారమే.

ఇప్పుడు 1961కి రండి. కేరళ భూచట్టాన్ని రైత్వారీ భూములకు సంబంధించినంత వరకు సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజ్యాంగంలో భూసంస్కరణలకు రక్షణ ఇచ్చే అధికరణంలో ఉన్న మాట 'ఎస్టేటు'. ఎస్టేటంటే జమీందారీలు, ఇనాములు. రైత్వారీ పట్టా భూమి ఎస్టేటు కిందికి రాదు అంది కోర్టు. సరే, అయితే ఆ మాట అర్థమే మార్చేస్తామంది ప్రభుత్వం. 1964 జూన్ 20న అమల్లోకి వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ రైత్వారీ భూమిని కూడా ఎస్టేటు లెక్కలోకి చేర్చింది. 44 చట్టాలను కోర్టుల చేతికి అందకుండా తొమ్మిదో షెడ్యూలులో పెట్టింది.

రంగా అభ్యంతరం అంతా ఇక్కడే. జమీందారీ రద్దు చేయమన్న నేనే అడుగుతున్నాను, పదెకరాల పట్టాదారు జమీందారెలా అయ్యాడు? అన్నది ఆయన వాదం సారం. వాదంలో పస ఉంది. సవరణలోనే ఒక షరతు కూడా పెట్టారు. పరిమితికి లోబడి, సొంతంగా సాగు చేసుకుంటున్న భూమిని తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా ఇవ్వాల్సిందే. చిన్న రైతుకు ఆ మాత్రం గొడుగు మిగిలింది. అయితే రంగా వాదంలో కౌలుదారు ఎక్కడ, కూలి మనిషి ఎక్కడ అని వెతికితే దొరకడం కష్టం. పట్టా లేనివాడికి నక్షత్రం వెలుగు పెద్దగా పడలేదు. డెల్టాలో కమ్యూనిస్టులు ఆయన్ను పట్టుకున్నదీ అక్కడే.

◆

మా ఊరు కదలకుండానే రాష్ట్రాలు మారింది, మీకు తెలుసా? 1952 ఎన్నికల్లో రాయదుర్గం మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలుకు, రాయదుర్గం తాలూకా అనంతపురానికి వచ్చాయి. 1955లో ఆంధ్ర రాష్ట్రంలో ఓటేశారు, 1962లో ఆంధ్రప్రదేశ్‌లో. పదేళ్లలో మూడు అసెంబ్లీలు. ఇప్పటికీ మా సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది.

◆

అనంతపురం జిల్లాలో నక్షత్రానికి చోటు ఎందుకు తక్కువ? ఇక్కడి పోరు అప్పటికే ఒకే ఇంట్లో నడుస్తోంది. ఇల్లూరు నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్. ఆయన భార్య నాగరత్నమ్మ అన్నదమ్ముల్లో ఒకరు తరిమెల నాగిరెడ్డి, కమ్యూనిస్టు. 1952లో అనంతపురం అసెంబ్లీ సీటులో బావను నాగిరెడ్డి ఓడించారు. 1957లో అనంతపురం నుంచే లోక్‌సభకు గెలిచారు. ఎర్రజెండాకూ కాంగ్రెస్‌కూ మధ్య బావాబావమరుదులే నిలబడి ఉంటే మూడోవాడు ఎక్కడ దూరతాడు?

కానీ నక్షత్రం నీడ సంజీవరెడ్డిని వదల్లేదు. 1969 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆయన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. స్వతంత్ర, జనసంఘ్‌ల అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. ఆ రెండు పార్టీల రెండో ప్రాధాన్య ఓట్ల కోసం కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప వాళ్లతో మాట్లాడారు. ఇందిరా గాంధీకి కావలసింది దొరికింది. మితవాదులతో చేతులు కలిపారంటూ ఆత్మప్రబోధం మేరకు ఓటేయమన్నారు. ఎదుటి అభ్యర్థి వి.వి. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. కాంగ్రెస్ రెండుగా చీలింది.

◆

దీనికి రెండేళ్ల ముందు మరో తెలుగాయన ఇదే పదవికి నిలబడ్డారు. కోకా సుబ్బారావు, ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆయన వైపు ఆరుగురు, అటువైపు ఐదుగురు. ప్రాథమిక హక్కులను, వాటిలో ఆస్తి హక్కును కూడా, ఇకముందు పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదని తీర్పు. ఆ కేసులో సవాలు చేసింది మనం పైన చెప్పుకున్న 17వ సవరణనే! సవరణ మాత్రం చెల్లుతుంది, 'ఇకముందు' అన్నదే కీలకం. ఏప్రిల్‌లో సుబ్బారావు రాజీనామా చేసి ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా జాకిర్ హుస్సేన్ మీద పోటీ చేశారు. ఆయన్ను బలపరిచినవాళ్లలో స్వతంత్ర పార్టీ ఉంది. ఓడిపోయారు. న్యాయమూర్తి కుర్చీ దిగిన వారాల్లోనే ఎన్నికల్లోకి రావడం బాగుందా అంటే నాకైతే బాగాలేదు.

◆

అన్నిటికన్నా నాకు విచిత్రంగా తోచేది ఇది. 1977లో సంజీవరెడ్డి నంద్యాల నుంచి గెలిచారు. ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో జనతా పార్టీకి దక్కింది అదొక్కటే. ఆ ఏడాదే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. జనతా ప్రభుత్వంలో ఆర్థికమంత్రి హెచ్.ఎం. పటేల్ పాత స్వతంత్ర పార్టీ మనిషి. ఆస్తి హక్కు కోసం పుట్టిన పార్టీ మనిషి మంత్రిగా ఉన్న ఆ ప్రభుత్వమే 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. 1979 ఏప్రిల్ 30న దాని మీద సంతకం పెట్టింది అనంతపురం జిల్లా ఇల్లూరు రైతుబిడ్డ. ఆస్తి హక్కు పోయిన రోజు 1979 జూన్ 20. 17వ సవరణ వచ్చిన తేదీ కూడా జూన్ 20 అని మరిచిపోలేదు కదా. సరిగ్గా పదిహేనేళ్లు.

◆

మళ్లీ అలాంటి పార్టీ పెట్టాలనుకుంటే? పెట్టొచ్చు, ఒక చిన్న ప్రమాణం చేయాలి. 1989లో అమల్లోకి వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షను ప్రకారం ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరు కావాలంటే పార్టీ నియమావళిలో సోషలిజానికి విధేయత రాసుకోవాలి. అంటే సోషలిజాన్ని వ్యతిరేకించే పార్టీ కూడా ముందు సోషలిజానికి దండం పెట్టి లోపలికి రావాలి. టీ అంగడి కుర్రాడు దీనికి నవ్వినంత దేనికీ నవ్వలేదు.

ఇక రంగా కాంగ్రెస్‌లోకి తిరిగొచ్చి 1980లో ఆ పార్టీ తరఫున గుంటూరు నుంచి గెలిచారు. 1984లోనూ, 1989లోనూ. సుదీర్ఘ కాలం పార్లమెంటు సభ్యుడిగా ఉన్నందుకు ఆయనా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. 1995 జూన్ 9న పోయారు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

◆

నాగపూర్ తీర్మానంలో గరిష్ఠ పరిమితి మాట మాత్రం చట్టమైంది. 1973 భూపరిమితి చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. చట్టం చేసినవాళ్లకు మెట్ట బాధ కొంత తెలుసన్నమాట. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే మంచి ఏడనుకునే జిల్లా ఇది. ఇక్కడి యాభై ఎకరాలవాడు తెనాలి ఐదెకరాలవాడి దగ్గర అప్పుకు పోవాల్సిన మనిషి.

మా జేజినాయనకు పన్నెండెకరాలు, కణేకల్లు వైపు హగరి గట్టుకు దగ్గర్లో. పరిమితి చట్టం ఆయన్ను కన్నెత్తి చూడలేదు. అయినా రేకుపెట్టెలో ఎర్రగుడ్డ మూటలో పట్టా దాచేవాడు. శిస్తు రశీదుల కట్టను ఎలుకలు కొట్టినా ఊరుకునేవాడు గానీ, ఆ మూటను ఏటా ఉగాదికి విప్పి, ఎండ చూపించి, వేపాకు మార్చి మళ్లీ ముడేసేవాడు. "సర్కారోడు చేను అడిగితే ఇది సూపియ్యల్ల" అనేవాడు. ఎవరూ అడగలేదు.

ఆషాఢం గాలికి హగరి ఇసుక లేచేది. తలుపు సందుల్లోంచి అన్నంలోకి వచ్చేది. పొద్దున లేచి చూస్తే చేనుగట్టు కనపడేది కాదు. పారతో ఎత్తి పోసేవాళ్లం, మరుసటి ఏడు మళ్లీ. ఆఖరికి పడమటి పక్క మూడెకరాలు ఇసుక దిబ్బ కింద పోయాయి. పట్టాలో మాత్రం ఇంకా పన్నెండే ఉన్నాయి.